ఊఁ అంటే రెండో గేరు

రోజూ పొద్దున్న కాఫీ గ్లాసు కింద పెట్టగానే ఉదయభాస్కర్ గారు సెల్లారులోకి దిగి కారుని తిడతారు. ముందు తుడుస్తారు, ఆ తర్వాత తిడతారు. ఆ రోజు కారు ఎక్కడికీ కదిలేది లేకపోయినా ఈ రెండూ తప్పవు. డ్రైవరు సీట్లో కూచుని, ఇంజను ఆన్ చేసి, గేరు కడ్డీని ఆటోమేటిక్‌లోంచి పక్కకి లాగి మాన్యువల్‌లో పడేసి, "నువ్వు నోరు మూసుకుని కూచో. నీ సలహా ఎవరడిగారు?" అంటారు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ హనుమయ్య మొదట్లో ఆ మాట తననే అనుకుని రెండ్రోజులు అన్నం మానేశాడు.

ఆయనకున్న పిచ్చి అదొక్కటే. ఆటోమేటిక్ కారుని ఆటోమేటిక్‌గా నడవనివ్వరు.

అది క్లచ్ లేని కారు. గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. అది నచ్చని మొండిఘటాల కోసం కంపెనీవాడు కడ్డీ పక్కన ఒక చిన్న సందు పెట్టాడు. కడ్డీని అందులోకి తోసి అటూ ఇటూ కదిపితే గేర్లు మనమే వేసుకోవచ్చు. ఏడాదికోసారి ఏ ఘాట్ రోడ్డులోనో పనికొస్తుందని పెట్టిన ఏర్పాటది. ఉదయభాస్కర్ గారు పాల ప్యాకెట్టుకి వెళ్ళినా ఆ సందులోంచే వెళతారు.

పైగా ప్రతి గేరుకీ ముందు "ఊఁ" అంటారు, ఎవరో కథ చెబుతుంటే వింటున్నట్టు. ఊఁ అనగానే కాలు పైకి లేస్తుంది, చెయ్యి కదులుతుంది, గేరు పడుతుంది. పటమట నుంచి బెంజి సర్కిల్ దాటేలోపు ఆయన కొట్టిన ఊఁలతో ఒక పురాణం పూర్తవుతుంది. వెనకాల ఆటోవాళ్ళు హారన్లు కొడతారు, స్కూటర్లవాళ్ళు తొంగిచూస్తారు. ఆయన అద్దం దించి వాళ్ళకీ నాలుగు అంటించి, అద్దం ఎత్తి, ఊఁ అని మూడో గేరు వేస్తారు.

ఈ పిచ్చికి లోకంలో అందరికన్నా ఎక్కువ మండిపడేది ఆయన ఒక్కగానొక్క కూతురు సింధూరి. ఆమె గవర్నర్‌పేటలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తుంది. తండ్రి ఎడమ మోకాలు క్లచ్ తొక్కలేకపోతోందని షోరూముల చుట్టూ తిరిగి, ఆఫీసులో అందరి బుర్రలూ తిని, ఎంచి ఎంచి ఈ ఆటోమేటిక్ కారు కొన్నది ఆమే. కొన్న నెలలోపే ఆయన దాన్ని మాన్యువల్‌లోకి లాగేశారు. అల్లుడికి పట్టుపంచె పెడితే దాంతో అతను సైకిలు తుడుచుకున్నట్టయింది ఆమెకి.

తండ్రీ కూతుళ్ళకి కోపం ఒక్క అచ్చులో పోసినట్టుంటుంది. ఇద్దరికీ ముందు చెవులు ఎర్రబడతాయి. తర్వాత గొంతు లేస్తుంది. ఆ తర్వాత ఆయన భార్య జ్ఞానేశ్వరి గారు వంటింట్లోంచి, కింద ఫ్లాటువాళ్ళకి టీవీ సరిగ్గా వినపడటం లేదట, కాస్త నెమ్మదిగా పోట్లాడుకోమని కబురు చెబుతారు.

"అసలు ఆటోలో పెడితే మీకు పోయేదేంటి నాన్నా?"

"వాడికి తెలివెక్కువ." గేర్‌బాక్సుని ఆయన ఎప్పుడూ వాడు అనే అంటారు. "గేరు మార్చేముందు వాడు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. ఆలోచించి ఒక్క తోపు తోస్తాడు. ఆ ఆలోచించేదేదో ముందే ఆలోచించొచ్చుగా."

"అందరూ నడుపుకోవట్లా?"

"అందరి సంగతీ నాకెందుకు? నేను థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూములో తల నెరిసినవాణ్ణి. మిషన్ని ఆటోలో వదిలేసి టీకి పోయినవాణ్ణి కాదు."

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఆయన రిటైరయ్యేదాకా పనిచేసిన మాట నిజం. అయితే సింధూరి అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఇంట్లో వాషింగ్ మెషిన్ ఆటోమేటిక్, నీళ్ళ మోటారు ఆటోమేటిక్, చివరికి ఆయన కూచునే వరండాలో దీపం కూడా చీకటి పడితే దానంతటదే వెలుగుతుంది. వాటన్నిటి మీదా లేని పౌరుషం ఒక్క గేర్‌బాక్సు మీదే ఎందుకని నిలదీసింది. ఉదయభాస్కర్ గారు కండువా దులుపుకుని కిందికెళ్ళి కారుని మళ్ళీ తిట్టారు.

దీనికి తోడు వెనక సీటొకటి. ఎప్పుడు చూసినా అది తడిగా ఉండేది. ఒకసారి ఆఫీసులో ఆడిట్ ఉందని, ఇస్త్రీ చేసిన కొత్త చుడీదార్ వేసుకుని, తండ్రి దింపుతానంటే ఫైళ్ళతో సహా వెనక కూచుంది సింధూరి. గవర్నర్‌పేటలో దిగేసరికి వెనకంతా తడిసి ముద్దయింది. ఆ రోజు సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేదు. పక్క సీటు ఎలిజబెత్ పాపం టీ కూడా తెచ్చి బల్ల మీదే పెట్టింది. ఇంటికొచ్చాక సింధూరి చెవులు ఎర్రబడటం ఏమిటి, జుట్టు కూడా ఎర్రబడిందని హనుమయ్య ఇప్పటికీ చెబుతాడు. సీటు మీద నీళ్ళేంటని అడిగితే, "దాహమేస్తుంది, తాగుతాను, నీళ్ళు తాగడానికి కూడా నీ పర్మిషన్ కావాలా?" అని తండ్రి ఎదురు తిరిగారు. డ్రైవరు సీట్లో కూచున్నాయన వెనక సీట్లో నీళ్ళు ఎలా తాగుతాడని ఆ కోపంలో ఆమెకి తట్టలేదు.

జ్ఞానేశ్వరి గారి సంగతి వేరు. ఆవిడకి కోపం రాదు, కళ్ళు తిరుగుతాయి. మెడ ఎముకలు అరిగి, కాస్త కుదుపు తగిలితే చాలు భూమి బొంగరమయ్యేది. కారు కొన్న కొత్తలో అయితే మరీ ఘోరంగా ఉండేది. సరిగ్గా ఆ రోజుల్లోనే గుడివాడలో అన్నగారు రామకృష్ణ పెద్దకూతురి పెళ్ళి వచ్చింది. వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు పిల్ల మాడున తొలి నూనె మేనత్త చేత్తోనే పడాలి. ఆవిడ ఒక్కతే మేనత్త. పట్టుచీర కట్టుకుని బయల్దేరిన మనిషి, గన్నవరం దాటకుండానే వాంతులతో వెనక్కి వచ్చేశారు. అక్కడ నూనె ఎవరో దూరపు బంధువు పెట్టింది. వదినగారు ఆ తర్వాత ఏ ఫోనులోనూ ఆ మాట ఎత్తకుండా పెట్టేయలేదు. జ్ఞానేశ్వరి గారు ఇక కారెక్కనని గుమ్మం దగ్గరే ఆగిపోయారు. కూరగాయలకి కూడా నడిచి వెళ్ళేవారు.

తర్వాత ఒక కొత్త డాక్టరు మందు మార్చాడు. కొన్నాళ్ళకి ఆవిడ భయపడుతూ భయపడుతూ కారెక్కారు. ఏమీ కాలేదు. మళ్ళీ ఎక్కారు, ఏమీ కాలేదు. అప్పట్నుంచీ ఆ డాక్టరు ఆవిడకి దేవుడైపోయాడు. లిఫ్టులో ఎవరు కనపడినా, వాళ్ళకి మెడనొప్పి ఉన్నా లేకపోయినా, ఆ డాక్టరు అడ్రసు చెప్పి పంపేవారు. "ఏం హస్తవాసండీ, ఏం హస్తవాసి. ఒక్క బిళ్ళతో రోగం కట్టేశాడు," అనేవారు. ఈ పొగడ్త మొదలవగానే ఉదయభాస్కర్ గారి చేతిలో అప్పడం ఉంటే అది పొడైపోయేది, చేగోడీ ఉంటే చేగోడీ. భార్యకి తగ్గిందంటే కూడా ఓర్వలేని మనిషిని లోకంలో ఇక్కడే చూస్తున్నానని సింధూరి ఆయన మొహం మీదే అంది.

అలా ఉండగా ఈ ఏడు రామకృష్ణ గారి రెండో కూతురు వేదశ్రీ పెళ్ళి కుదిరింది. అదే ఆ ఇంట్లో ఆఖరి ఆడపిల్ల. ఈసారి కూడా తప్పితే ఇక మేనత్త చెయ్యి అడిగే తల ఆ ఇంట్లో లేదు. జ్ఞానేశ్వరి గారు వారం ముందే నువ్వులనూనె సీసాకి పసుపు రాసి బొట్టు పెట్టి దేవుడి గూట్లో పెట్టుకున్నారు. వదిన నోరు మూతపడే రోజది.

ఆ రోజు పొద్దున్న ఉదయభాస్కర్ గారు చేసిన ఒకే ఒక్క పొరపాటు, గొడుగు మర్చిపోయానని పైకి వెళ్ళడం. దిగి వచ్చేసరికి తాళం సింధూరి చేతిలో ఉంది, సింధూరి స్టీరింగ్ ముందుంది, వెనక సీట్లో దిండు ఆనించుకుని జ్ఞానేశ్వరి గారు ఒళ్ళో నూనె సీసాతో కూచున్నారు.

"దిగు," అన్నారాయన.

"దిగను. మీ ఊఁలతో వెళితే మనం వంటవాళ్ళు గిన్నెలు తోముకునే వేళకి చేరతాం."

"ఇవాళ కాదు. ఇంకెప్పుడైనా నడుపుదువుగాని."

"ఎందుకు కాదు?"

ఆయన నోరు తెరిచారు. వెనక సీటు వైపు చూశారు. నోరు మూశారు. చెవులు ఎర్రబడ్డాయి.

"పోనిద్దురూ, ముహూర్తం దాటిపోతుంది. మీరు పక్కన కూచోండి," అన్నారు జ్ఞానేశ్వరి గారు.

"అయితే మాన్యువల్‌లో నడుపు."

"నడపను. ఇది నేను కొన్న ఆటోమేటిక్ కారు. ఇవాళ ఒక్కరోజైనా అది దాని పుట్టుక ప్రకారం బతుకుతుంది."

రామవరప్పాడు రింగ్ దాకా ఎర్రలైట్లు, బస్సులు. కారు ఆగింది, కదిలింది, ఆగింది, కదిలింది. అది గేరు మార్చే ప్రతిసారీ పక్క సీట్లో ఉదయభాస్కర్ గారు ఊఁ అనేవారు. లేని యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తేవారు. ఎడమచేత్తో తలుపు పైన పిడి పట్టుకుని, అదే గేరు కడ్డీ అయినట్టు గుంజేవారు. సింధూరికి ఒళ్ళు మండి, కావాలనే ఇంకాస్త గట్టిగా తొక్కింది. ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు. ఆయన ఆ తోపుడికి గోడకి కొట్టిన బంతిలా ముందుకీ వెనక్కీ ఊగుతూ, మధ్యమధ్య వెనక్కి తిరిగి భార్యని చూస్తున్నారు. ముందు పెళ్ళివారి కబుర్లు చెబుతున్నావిడ గన్నవరం దగ్గర మాట ఆపేశారు. హైవే మీద కాస్త సాఫీగా పోయింది గానీ, హనుమాన్ జంక్షన్ దగ్గర లారీల వెనక చిక్కి కారు మళ్ళీ ఆగడం, కదలడం మొదలుపెట్టేసరికి వెనకనుంచి సన్నగా వినపడింది. "అమ్మలూ, ఆపవే."

సింధూరి పక్కకి తీసి ఆపింది. జ్ఞానేశ్వరి గారు తలుపు తీసుకుని రోడ్డు వారన వంగిపోయారు. మొహం కడిగించి, మళ్ళీ దిండుకి ఆనించాక, ఆవిడ కళ్ళు తెరవకుండానే నూనె సీసా భర్త చేతికిచ్చారు.

"తగ్గిందనుకున్నానండీ. మళ్ళీ తిరగబెట్టింది. ఇంక నా వల్ల కాదు, ఇంటికి పోదాం. ఆ పిల్లకి నా చేత్తో నూనె పెట్టే రాత లేదు."

కుడి వైపుకి తిరిగితే గుడివాడ. వెనక్కి తిరిగితే ఇల్లు, ఆ ఇంటి గుమ్మం. ఉదయభాస్కర్ గారు నిమ్మసోడా తెస్తామని చెప్పి, కూతురి రెక్క పట్టుకుని సోడాబండి దాకా లాక్కుపోయారు. అక్కడ లారీల చప్పుడు మధ్య, గొంతు తగ్గించి పోట్లాడటం ఆ తండ్రీ కూతుళ్ళకి జీవితంలో అదే మొదటిసారి.

"మీ అమ్మకి తగ్గలేదే."

"అదేగా చూస్తున్నాను."

"అసలెప్పుడూ తగ్గలేదు. కుదుపు తగిలితే వస్తుంది, తగలకపోతే రాదు, అంతే. ఆ డాక్టరు బిళ్ళ ఒట్టి బలం బిళ్ళ. కుదుపు తగలకుండా చూసుకోమని ఆయనే చెప్పాడు నాతో. నీ కారుందే, గేరు మార్చిన ప్రతిసారీ తలకాయని ఒక్క తోపు తోస్తుంది. నీకూ నాకూ తెలీదు, ఆవిడకి తెలుస్తుంది. ముందే కాలు తీసి, ఇంజను వేగం కాస్త తగ్గనిచ్చి, అప్పుడు మనం వేస్తే తగలదు. వాడికి ఆ ఓపిక లేదు."

ఆయన ఆగలేదు.

"వేసవంతా ఇబ్రహీంపట్నం రోడ్డు మీద నేర్చుకున్నాను. వెనక సీట్లో మీ అమ్మ కూచునేచోట గ్లాసు నిండా నీళ్ళు పెట్టి. తొణికితే మళ్ళీ మొదటికి. గ్లాసు తొణక్కుండా ఇంటికొచ్చిన రోజు ఆవిణ్ణి ఎక్కించాను."

తడి సీటు, ముద్దయిన చుడీదార్, ఎలిజబెత్ తెచ్చిన టీ, అన్నీ ఒకదాని వెనక ఒకటి సింధూరి మొహం మీదికి వచ్చిపడ్డాయి.

"ఆ సంగతి అమ్మకే చెప్పొచ్చుగా?"

"చెబితే ఎక్కుతుందా? నా కోసం మీకంత అవస్థ ఎందుకండీ, నేనింట్లో ఉంటాలెండి అంటుంది. తగ్గిందనుకుంటోంది కాబట్టి గుమ్మం దాటుతోంది. ఆ డాక్టర్ని ఆవిడ పొగుడుతుంటే నా కడుపు ఎంత మండుతుందో నీకేం తెలుసు?"

"పోనీ నాకు చెప్పొచ్చుగా?"

"నీ నోట్లో నువ్వుగింజ నానుతుందా? మన ఇద్దరం పోట్లాడుకునేటప్పుడు నువ్వు అననిమాట ఏదన్నా మిగిలిందా?"

అదీ నిజమే. కోప్పడటానికి అంత మంచి సమయం సింధూరికి ఎప్పుడూ రాలేదు. తీరా చూస్తే ఎవరి మీద పడాలో తెలియలేదు. తండ్రి మీదా, డాక్టరు మీదా, కారు మీదా, తన మీదా వంతులవారీగా కోపం వచ్చి, ఎక్కడా నిలవక, సోడాబండివాడి మీద పడింది. సోడాలో ఉప్పెందుకు తక్కువేశావని అతన్ని రెండు మాటలని, ఆ గ్లాసు పట్టుకుని కారు దగ్గరికి నడిచింది.

ఇంటర్వ్యూల్లో, ఆడిట్లలో, అద్దె ఆటోలతో బేరాల్లో ఏనాడూ తప్పొప్పుకోని మనిషి ఆమె. తల్లి సీటు పక్కన వంగి, పన్ను పీకించుకుంటున్నంత కష్టంగా అంది.

"అమ్మా, నీకు తిరగబెట్టలేదు. నాకే బండి నడపడం రాదు."

జ్ఞానేశ్వరి గారు ఒక కన్ను తెరిచారు.

"నాకు ఓపిక లేదు. నాన్న మీద కోపంతో కసిగా తొక్కాను. నా పక్కన కూచుని నాన్నకే కడుపులో తిప్పింది."

వెనకనుంచి ఉదయభాస్కర్ గారు గొంతు పెంచారు. "నాకేం, దీని డ్రైవింగ్‌కి ఈ జంక్షన్ గుళ్ళో హనుమంతుడు ఎక్కినా సంజీవి కొండ కింద పడేసి కళ్ళు మూసుకుంటాడు. నీ మందుకేమైంది? బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఆ డాక్టరు..." ఆయన ఒక్క క్షణం ఆగి, చేదుమాత్ర మింగినట్టు మింగి, "ఆ డాక్టరు దేవుడు," అన్నారు.

ఆవిడ రెండో కన్ను కూడా తెరిచారు. భర్తనీ, కూతుర్నీ మార్చి మార్చి చూశారు. సోడా అందుకుని నెమ్మదిగా తాగారు. నూనె సీసా మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నారు.

"నేను పటమటలోనే అనుకున్నాను. దీనిది మొరటు కాలు. చిన్నప్పుడు ఉయ్యాల కూడా ఇలాగే తన్నేది. మీరు నడపండి."

ఆయన స్టీరింగ్ ముందు కూచున్నారు. కడ్డీ పక్కకి లాగారు. "నువ్వు నోరు మూసుకుని కూచో," అన్నారు. సింధూరి ఆయన పాదం వంకే చూస్తోంది. ఊఁ అన్నారు, కాలు లేచింది, ఊపిరి తీసినంతసేపు ఆగింది, గేరు పడింది. ఎప్పుడు పడిందో ఆమెకి తెలియలేదు. గుడివాడ దాకా చెరువుల పక్కన, గేదెల వెనక, ట్రాక్టర్ల చాటున ఆ కారు తెప్పలా పోయింది. వెనకనుంచి జ్ఞానేశ్వరి గారి గొంతు ఊరు ఊరుకీ కాస్త పుంజుకుంటూ, ఆడపిల్లకి నిదానం ఎంత అవసరమో, బండి నడపడానికీ వంట చెయ్యడానికీ సన్నసెగ ఎంత ముఖ్యమో కూతురికి వివరంగా చెప్పింది. ఉదయభాస్కర్ గారు ప్రతి మాటకీ ఊఁ అన్నారు. అందులో ఏది గేరుకో, ఏది భార్యకో తేల్చడం కష్టమైంది.

పందిట్లో పీట మీద వేదశ్రీ కూచుంది. పురోహితుడు రెండుసార్లు గడియారం చూశాడు. రామకృష్ణ గారి కళ్ళు వీధి గుమ్మం మీదే ఉన్నాయి. చెల్లెలు నూనె సీసాతో తనంతట తనే నడిచి లోపలికొస్తుంటే ఆయన పీట పక్కనున్న దూరపు బంధువుని చెయ్యి పట్టుకుని పక్కకి జరిపారు. మేనత్త చేతి నూనె పిల్ల మాడున పడింది. ఇంత ఆలస్యమేం వదినా అని వదినగారు నోరు తెరిచేలోపే, జ్ఞానేశ్వరి గారు సమాధానం మొదలుపెట్టారు. మా అమ్మాయికి డ్రైవింగ్ రాదమ్మా అని ఆరంభించి, భోజనాల దాకా, ఆ తర్వాత తాంబూలాల దాకా, పందిట్లో ఒక్క మనిషి మిగలకుండా చెప్పారు. ఒక ముసలాయన సింధూరిని పిలిచి, ముందు సైకిలు నేర్చుకోమని సలహా ఇచ్చాడు.

సింధూరి చెవులు కాలిపోతున్నాయి. అన్నిటికీ తలూపింది. ఇంతలో తల్లి డాక్టరు ప్రస్తావన ఎత్తారు. ఏం హస్తవాసండీ, ఒక్క బిళ్ళతో రోగం కట్టేశాడు. సింధూరి ఎదుటి పంక్తిలో ఉన్న తండ్రి వైపు చూసింది. ఆయన పిడికిట్లో అప్పడం పొడైపోతోంది. ఆమె తన విస్తట్లో అప్పడం కూడా తీసి, వడ్డించేవాడి చేత ఆయనకి పంపించింది.

పోయిన నెల ఉదయభాస్కర్ గారి ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు బండి ముట్టుకోవద్దన్నారు. ఇప్పుడు కారు సింధూరి నడుపుతోంది. గేరు మాత్రం ఆయన ఆమె చేతికివ్వలేదు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పక్క సీట్లో కూచుని, కడ్డీ మీద కుడిచెయ్యి వేసి, ఊఁ అంటారు. ఆమె కాలు తీస్తుంది, ఆయన వేస్తారు. తీయడం ఆలస్యమైందని ఆయనా, వేయడం తొందరైందని ఆమే, పటమట నుంచి ఎక్కడికి వెళితే అక్కడిదాకా పోట్లాడుకుంటూనే ఉంటారు. వెనక సీటు మళ్ళీ తడుస్తోందని హనుమయ్య ఫిర్యాదు. ఆదివారాలు గ్లాసు తీసేసి దాని మీద తువ్వాలు పరుస్తారు. జ్ఞానేశ్వరి గారు దిండు ఆనించుకుని అక్కడే నిద్రపోతారు.